ఎడతెగని వాన ఉంది సరే, ఎడతెగిన రాయి?

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరిగేటప్పుడు పక్కనున్న రాతి కోతను ఎప్పుడైనా గమనించారా? కింద పగుళ్లు బారిన గ్రానైట్. దాని మీద దొంతరగా పేర్చిన అట్ల మాదిరి క్వార్ట్‌జైట్ పొరలు, ఒకప్పటి ఇసుక గట్టిపడి రాయైనవి. రెండింటి మధ్య గీత గీసినట్టు ఒక హద్దు. ఆ హద్దు దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ల లెక్క దొరకదు. జియాలజీ వాళ్లు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. ‘ఎపి’ అంటే గ్రీకులో ‘మీద’, అంటే ఆర్కియన్ అనే అతి పాత కాలపు రాళ్ల మీదిది. మొన్న మా అమ్మాయి దీన్ని తెలుగులో ఏమంటారని అడిగింది. నోరు పెగల్లేదు. మీరేమంటారు?

చంద్రగిరి నుంచి: ‘అతుకు’ అంటే పోదా అన్నా? పాత గోడ మీద మేస్త్రి కొత్త వరస కట్టినట్టే ఉంటుంది.

పీలేరు నుంచి: అతుకంటే ఎవరో అతికించారన్నట్టుంది. నా ఓటు ‘తెరిపి’కి. వాన తెరిపిచ్చింది అంటాం కదా, ఇక్కడ పొరలు పడడం తెరిపిచ్చింది.

మొదట రాసినాయన: మాట ముద్దుగానే ఉందక్కా, కానీ తెరిపిలో ఏమీ జరగదు. ఇక్కడ ఆ కాలమంతా గ్రానైట్ గాలికీ నీటికీ అరుగుతూనే ఉంది. బాగా అరిగి చదునయ్యాక నీళ్లొచ్చి ఇసుక పరిచాయి. చిట్టా రాయడం మానేయలేదు, రాసిన కాగితాలే చిరిగిపోయాయి.

మదనపల్లె నుంచి: మొత్తం భూమి కథే అంత కదండీ. మొదటి 50 కోట్ల ఏళ్ల నాటి రాళ్లు దాదాపు మిగల్లేదు. అందుకే 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ అనే శాస్త్రవేత్త ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చాడు. సూర్యుడి చుట్టూ తిరిగిన ధూళి ముద్దకట్టి గ్రహాలైనప్పుడు మిగిలిపోయిన ముక్కలే అవి. గాలీ నీళ్లూ లేవు కాబట్టి చంద్రుడి గుంటలు ఇప్పటికీ చెరగలేదు. ఇక మాట సంగతి. ‘ఎడతెగక కురిసింది’ అంటాం కదా, ‘ఎడ’ అంటే మధ్య జాగా, సందు. ఆ మాటను ఎప్పుడూ ‘తెగక’, ‘తెగని’ అనే వాడతాం. ‘తెగింది’ అనాల్సిన అవసరం ఈ ఘాట్ రోడ్డులో వచ్చింది. ‘ఎడతెగిన చోటు’ అనండి.

పీలేరు నుంచి: బాగుంది సార్. ఒక్క మాట చేయాలంటే? ‘ఎడతెగువ’?

చంద్రగిరి నుంచి: అయ్యో, తెగువ అంటే ధైర్యం అనుకుంటారు. ఘాట్ రోడ్డులో ఓవర్‌టేక్ చేసేవాళ్లకు పెట్టుకుందాం ఆ పేరు.

మొదట రాసినాయన: ‘ఎడతెగిన చోటు’నే మా అమ్మాయికి చెప్పాను. “మరి శిలాతోరణం కూడా ఆ పైరాయేనా?” అంది. అవును, అదీ క్వార్ట్‌జైటే.