సిలికాన్ ఆయిల్ ఎక్కడ వాడారు, ఎక్కడ దెబ్బతిన్నారు?

మియాపూర్_ఫ్లాట్:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో యూపీవీసీ కిటికీలు. ఎండాకాలం వస్తే జరపడానికి రెండు చేతులూ చాలవు. కొబ్బరినూనె రాశాను. వారం హాయిగా జరిగాయి, ఆ తర్వాత దుమ్ము కలిసి ట్రాకంతా నల్లటి జిగురు. పాత టూత్‌బ్రష్‌తో గీకి తీసేసరికి ఆదివారం గడిచిపోయింది. హార్డ్‌వేర్ షాపాయన సిలికాన్ స్ప్రే, అంటే డబ్బాలోంచి కొట్టే సిలికాన్ ఆయిల్, తీసుకోమంటున్నాడు. నిజంగా తేడా ఉంటుందా? ఇంకా దేనికి పనికొస్తుంది?

ఆటోనగర్_మెకానిక్:
కచ్చితంగా ఉంటుందండీ. కొబ్బరినూనె 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. సిలికాన్ ఆయిల్ మైనస్ 40 చలిలోనూ పారుతుంది, 150 డిగ్రీల వేడికీ చెడదు. మేం ఎక్కువగా వాడేది కారు అద్దాలకి. పవర్ విండో మూలుగుతూ నెమ్మదిగా ఎక్కుతుంటే చాలామంది మోటారు పోయిందనుకుంటారు. చాలాసార్లు తప్పు అద్దం నడిచే రబ్బరు గాడిలోనే ఉంటుంది. అద్దం పూర్తిగా దించి, స్టీల్ స్కేలుకి పలచటి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ మీద స్ప్రే కొట్టి గాడిలో పైనుంచి కిందికి నాలుగుసార్లు తిప్పండి. మొదట గుడ్డ నల్లగా వస్తుంది. మార్చి మళ్లీ తిప్పాలి. తర్వాత అద్దం ఎక్కే చప్పుడే మారిపోతుంది. డోర్ అంచుల రబ్బరు బీడింగులకీ ఇదే.

పెట్రోలియం నుంచి వచ్చే నూనెలు, గ్రీజులు కొన్ని రకాల రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తాయి. అందుకే రబ్బరు, ప్లాస్టిక్ ఉన్నచోట నేను సిలికానే వాడతాను.

కుట్టుమిషన్_అక్క:
నేను రెక్సిన్ సంచులు కుడతాను. రెక్సిన్ మిషన్ పాదానికి అతుక్కుని ముందుకి జరగదు, కుట్లన్నీ ఒకచోట ముద్దగా పడతాయి. పాదం అడుగున సిలికాన్ చుక్క రాసి గుడ్డతో తుడిస్తే చాలు, పది సంచుల దాకా జారుతూ వస్తుంది. పాలియెస్టర్ దారం సూది వేడికి పుటుక్కున తెగుతున్నా, దారం మీద ఓ గీత రాస్తే తెగడం తగ్గుతుంది. మిషన్ లోపల మాత్రం మిషన్ ఆయిలే. ఒకసారి లోపల కూడా ఇదే పోశాను, పదిరోజులకే గరగర మొదలైంది. అంతా తుడిచి పాత ఆయిల్‌కే వచ్చాను.

ఆటోనగర్_మెకానిక్:
అక్కా, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఉక్కు మీద ఉక్కు బరువుగా రాసుకునేచోట సిలికాన్ పొర నిలబడదు, లోహం అరిగిపోతుంది. మడతబందులకి, చైనుకి, బేరింగులకి మామూలు ఆయిల్ లేదా గ్రీజు వేయండి. ఇక డబ్ల్యూడీ-40 అనే స్ప్రే ఉంది కదా, దాని పేరులోని రెండక్షరాలకి అర్థమే నీళ్లని తరిమేది అని. తుప్పు పట్టిన బోల్టు వదలడానికి మంచిది, కానీ ఎక్కువ రోజులు నిలిచే కందెన కాదు.

టేకు_పని:
చెక్కపని చేసేవాళ్లు దయచేసి ఇది చదవండి. రంపం టేబుల్ మీద చెక్క జారాలని నేను సిలికాన్ స్ప్రే కొట్టాను. బ్రహ్మాండంగా జారింది. ఆ టేబుల్ మీదే కోసిన తలుపులకి నెల తర్వాత స్ప్రే గన్‌తో పీయూ (పాలీయూరిథేన్) పాలిష్ కొడితే, తడి ఆరకముందే పాలిష్ వెనక్కి జరిగి పెసరగింజంత గుంటలు పడ్డాయి. ఒకటి రెండు కాదు, తలుపు నిండా. పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. సిలికాన్ తలతన్యత (ద్రవం పైపొర బిగువు) చాలా తక్కువ, దాని మీద పాలిష్ పరుచుకోలేదు. ఎమరీ పేపర్‌తో రుద్దితే పోతుందనుకున్నాను, రుద్దేకొద్దీ పక్కకి పాకింది. చివరికి థిన్నర్‌లో ముంచిన గుడ్డతో, ప్రతి తుడుపుకీ కొత్త గుడ్డ తీసుకుంటూ మొత్తం తుడిచి, ఒక పూత లక్క పాలిష్ వేసి, దాని మీద పీయూ కొడితే నిలిచింది. రెండు తలుపులకి నాలుగు రోజులు పోయాయి.

ఇప్పుడు టేబుల్‌కి మైనమే రుద్దుతున్నాను. సిలికాన్ డబ్బాని షెడ్డు గుమ్మం దాటనివ్వను.

మియాపూర్_ఫ్లాట్:
అయ్యో అన్నా, మా బీరువాలకి వచ్చే నెల పాలిష్ ఉంది! మంచి సమయానికి చెప్పారు. మిక్సీ జార్ మూత గట్టిగా పడుతోంది, ఆ రబ్బరుకి రాయొచ్చా?

వంటగది_వాణి:
ముందు ఆ రింగు ఏ రకమో చూడండమ్మా. మాది మెత్తటి తెల్ల సిలికాన్ రింగు. సిలికాన్ ఆయిల్ రాస్తే అది పీల్చుకుని ఉబ్బింది, మర్నాటికి గాడిలో కూర్చోలేదు. కొత్తది కొనాల్సి వచ్చింది. మీదీ అలాంటిదైతే కాస్త నీటితో తడిపి బిగించండి, చాలు.

వాటర్ ఫిల్టర్ గిన్నెకి ఉండే నల్ల రబ్బరు రింగుకి మాత్రం తిండి పదార్థాలకి పనికొచ్చే సిలికాన్ గ్రీజు, గోరంత. ఏడాది తర్వాత స్పానర్‌తో కుస్తీ పట్టకుండా తిరిగి వస్తుంది. వేజిలిన్ వద్దు.

నడక_రోజూ:
ట్రెడ్‌మిల్ ఉన్నవాళ్లు అసలు స్ప్రే కొనకండి. వంద శాతం సిలికాన్ ఆయిల్ చిన్న సీసాల్లో వస్తుంది, చిక్కదనం నంబరు రాసి ఉంటుంది. నీటిది 1 అయితే మేం వాడేది 350. బెల్టు అంచు ఎత్తి, కింద చెక్క మీద మధ్యదాకా ముక్కు పెట్టి పోసి, పైన ఎవరూ ఎక్కకుండా నెమ్మదిగా ఐదు నిమిషాలు తిప్పాలి. కింద కారితే వెంటనే తుడవండి. మా నాన్నగారు ఆ మరక మీద కాలు వేసి పడబోయారు, పక్కనే ఉండి పట్టుకున్నాను. టైల్స్ మీద అది కనపడదు. గిన్నెల సబ్బు, వేడినీళ్లతో మూడుసార్లు కడిగితే గానీ జారుడు పోలేదు.

మియాపూర్_ఫ్లాట్:
నిన్న పని పూర్తిచేశాను. ట్రాక్ కడిగి, ఆరబెట్టి, స్ప్రేని గుడ్డకే కొట్టి తుడిచాను. కింద పాత న్యూస్‌పేపర్లు పరిచాను. డబ్బాలో నిప్పంటుకునే గ్యాస్ ఉంటుందని రాసి ఉంది, అందుకే స్టవ్ ఆపి తలుపులు తీసి చేశాను. పొద్దున మా ఎనిమిదేళ్ల పాప ఒక్క చేత్తో కిటికీ తీసింది. బీరువాల వైపు మాత్రం డబ్బా తీసుకెళ్లలేదు, గుడ్డ కూడా కవర్లో కట్టి పడేశాను.