ఇంటికో మడా, అందరికీ ఒకే తోటా? నగరం నడిబొడ్డున ఖాళీ స్థలంపై చర్చ

మట్టివాసన:
పాత ఇల్లు కూల్చిన స్థలం, 20 మీటర్లకు 30 మీటర్లు అనుకుందాం. చుట్టుపక్కలవాళ్ళు కలిసి తోట వేసుకోవాలంటే రెండు దారులు: ఇంటికో మడి రాసివ్వడం, లేదా మడులన్నీ ఉమ్మడిగా ఉంచి పంట పంచుకోవడం. నా ఓటు మొదటిదానికే.

మడి వెడల్పు 1.2 మీటర్లు, పొడవు 2.5 మీటర్లు. వెడల్పు అంతకు మించితే నడిమికి చెయ్యి అందదు, జనం మడిలో కాలు పెడతారు, మట్టి గట్టిపడిపోతుంది. మధ్యలో 90 సెంటీమీటర్ల బాట ఉంటే చక్రాల కుర్చీ పడుతుంది. బాటతో కలిపి ఒక్కో మడికి 7 చదరపు మీటర్ల పైచిలుకు, 40 మడులకు 290 లోపు. మిగతా సగం చెట్లకూ కూర్చోవడానికీ. పేరు రాసివున్న మడిలో కలుపు పెరిగితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఉమ్మడి మడి అయితే ఎవరిని అడుగుతాం?

పచ్చగోడ:
మట్టివాసన గారూ, అడగడానికి మనిషి దొరికితే చాలదు, ఆ మనిషికి తీరిక ఉండాలి. నారు నాటే రోజున 40 మడుల దగ్గరా జనం ఉంటారు. ఎండలు ముదిరేసరికి కొందరు ఊళ్ళో ఉండరు. వాళ్ళ మడి ఎండుతున్నా, ఒకరి సొత్తు మీద చెయ్యి వెయ్యడానికి పక్కవాళ్ళు మొహమాటపడతారు.

బెర్లిన్‌లో మోరిట్జ్‌ప్లాట్జ్ కూడలి దగ్గర 2009లో మొదలైన ప్రిన్సెస్సినెన్‌గార్టెన్ అనే ఉమ్మడి తోటలో సొంత మడులే పెట్టలేదు. ఎవరు వచ్చినా పని చెయ్యొచ్చు. అది బతికింది. పైగా 40 ఇళ్ళకు మడులు రాసిచ్చేశాక 41వ ఇంటివాళ్ళు గేటు బయట నిలబడాల్సిందేనా? నగరం మధ్యలో ఉన్న కాస్త పచ్చదనమూ అదే కదా.

మట్టివాసన:
సొంత మడులూ బతికాయి. జర్మనీలో ఇంటికో తోటముక్క ఇచ్చే పద్ధతికి 1983 నుంచి జాతీయ చట్టమే ఉంది, ఒక్కో ముక్క 400 చదరపు మీటర్లు మించకూడదని. ఎండిపోయే మడులకు మందు నియమమే: మూడు వారాలు కలుపు తియ్యకపోతే నోటీసు, మరో రెండు వారాలకీ కదలిక లేకపోతే వరుసలో ఉన్న తర్వాతి ఇంటికి. ఈ మాట మడి ఇచ్చేరోజే కాగితం మీద ఉండాలి. తర్వాత తెస్తే గొడవే.

నీటిలెక్క:
మీ ఇద్దరి వాదనా నీటి దగ్గర తేలుతుంది. 40 మడులంటే 120 చదరపు మీటర్ల మట్టి. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు సుమారు 5 లీటర్లు, అంటే 600 లీటర్లు. పది లీటర్ల డబ్బాతో మోస్తే 60 సార్లు. నిమిషానికి 15 లీటర్లిచ్చే కుళాయి ఒక్కటే ఉంటే 40 నిమిషాలు చాలు, కానీ 40 ఇళ్ళవాళ్ళూ సాయంత్రం ఒకేసారి వస్తే క్యూ, క్యూలో తగువు.

డ్రిప్ వెయ్యండి, అంటే మొక్కల మొదట్లో చుక్కచుక్కగా నీళ్ళు వదిలే గొట్టాలు. మడికి మూడు లైన్లు, 30 సెంటీమీటర్లకో డ్రిప్పర్, గంటకు 2 లీటర్లది. మొత్తం 24 డ్రిప్పర్లు, గంటకు 48 లీటర్లు, 20 నిమిషాల్లో మడి తడుస్తుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: 40 మడులూ ఒకేసారి తెరిస్తే గంటకు 1,900 లీటర్ల పైన కావాలి, ఆ కుళాయి ఇచ్చేది 900. మొదటి మడులు తడుస్తాయి, చివరివి ఎండుతాయి, చివరి మడులవాళ్ళు మొదటివాళ్ళను అనుమానిస్తారు. అందుకే మూడు భాగాలు చేసి టైమర్‌తో ఒకదాని తర్వాత ఒకటి వదలాలి. మడి మొదట్లో చిన్న వాల్వు, కుళాయి దగ్గర ఫిల్టర్ తప్పనిసరి.

ఇంకొకటి. రెండు మీటర్ల ఎత్తులో ట్యాంకు పెడితే వచ్చేది 0.2 బార్ ఒత్తిడే. మామూలుగా అమ్మే ఒత్తిడి సర్దుకునే డ్రిప్పర్లు దానికి సరిగా పనిచెయ్యవు, తక్కువ ఒత్తిడికి తయారైనవే అడిగి తీసుకోవాలి.

పెళ్ళగడ్డ:
కూల్చిన ఇంటి స్థలం అన్నారు కాబట్టి, అన్నిటికన్నా ముందు మట్టిలో సీసం (లెడ్ అనే విషలోహం) సంగతి తేలాలి. పాత రంగుల పెచ్చుల్లోంచి, ఒకప్పటి పెట్రోలు పొగలోంచి దిగిన సీసం పైమట్టిలోనే పేరుకుని దశాబ్దాలు కదలదు. 12 చోట్ల తీసిన మట్టి ఒకే సంచిలో కలిపి పంపితే సగటు వస్తుంది, చెడ్డ చోటు దాగిపోతుంది. పాత గోడల వెంబడి ఒక నమూనా, రోడ్డు పక్క ఒకటి, నడిమి భాగానికి ఒకటి విడివిడిగా పంపండి. నివాస స్థలాల మట్టికి సీసం హెచ్చరిక స్థాయిని అమెరికా పర్యావరణ సంస్థ 2024లో 400 నుంచి 200 పీపీఎంకు (పది లక్షల పాళ్ళ మట్టిలో 200 పాళ్ళకు) దించింది. సీసం మొక్క లోపలికి వెళ్ళేది తక్కువ. ఆకుల మీద పడ్డ దుమ్ము, దుంపలకు అంటిన మట్టి, పిల్లల చేతులు, వీటితోనే భయం. అందుకే బాటల మీద 8 నుంచి 10 సెంటీమీటర్ల చెక్కపొట్టు పరవాలి.

ఎత్తు మడులైతే అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్ళు దిగనిచ్చి మట్టిని ఆపేది) పరిచి పైన 40 సెంటీమీటర్ల మంచి మట్టి. ప్లాస్టిక్ షీటు వద్దు, నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి. లెక్కకు 48 ఘనపు మీటర్లే, కానీ మట్టి కుంగుతుంది, 55 తెప్పించండి. కంపోస్టు మూడో వంతు మించొద్దు. అంచులకు పాత రైలు స్లీపర్లు, టైర్లు అసలే వద్దు.

సున్నం, సిమెంటు పెళ్ళలు కలిసిన నేలలో ఒక గుర్తు చూడండి: లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. ఇనుము లేక కాదు, మట్టి క్షారగుణం పెరిగి పీహెచ్ 8కి చేరితే మొక్కకు ఇనుము అందదు. అలాంటప్పుడు మందు పోస్తూ కూర్చునేకన్నా మట్టి మార్చడం మేలు.

ఇంతకీ మీ ప్రశ్నకు నా జవాబు: మడి ఎవరిదైనా మట్టి ఉమ్మడిగానే తేవాలి. ఎవరి మట్టి వాళ్ళు తెచ్చుకుంటే ఒక్క బస్తాతో వేళ్ళను పట్టే నులిపురుగులు తోటంతా పాకుతాయి.

మట్టివాసన:
మట్టి, నీరు, కంపోస్టు ఉమ్మడి అన్నదానికి ఒప్పుకుంటున్నాను. ఏం నాటాలో, ఎప్పుడు కొయ్యాలో మాత్రం మడి చూసుకునేవాళ్ళ ఇష్టానికే వదలాలి. ఆ ఇష్టం లేనిచోట రెండో ఏడాది ఎవరూ రారు.

పచ్చగోడ:
అయితే 30 మడులు ఇళ్ళకు, రోడ్డు వైపు 10 ఉమ్మడిగా. ఆ పదింట్లో దారినపోయేవాళ్ళు కోసుకున్నా మళ్ళీ చిగురించేవి వేద్దాం. కంచె 1.1 మీటర్లు మించకుండా, లోపలికి కనబడేలా ఉండాలి. ఎత్తు గోడ కడితే లోపలేం జరుగుతోందో వీధికి తెలియదు, చీకటి పనులకు చోటవుతుంది. పగలు గేటుకు తాళం ఉండకూడదు. చెట్లు మాత్రం ఎండ వచ్చే దిక్కున వెయ్యొద్దు, మడులకు రోజుకు ఆరు గంటల ఎండ కావాలి.

మట్టివాసన:
తాళం సంగతి నేను ఒప్పుకోను. పండే వారంలో కాయలు ఎవరైనా కోసుకుపోతే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ నాటరు. పగలు తెరిచి ఉంచాలంటే ఆ వేళల్లో వంతులవారీగా ఒకరు లోపల ఉండాలి.

పెళ్ళగడ్డ:
తాళం కన్నా ముందు స్థలం ఎన్నాళ్ళు మన చేతిలో ఉంటుందో ఆ గడువు చూడండి. న్యూయార్క్‌లో 1999లో నగరపాలక సంస్థ 114 తోటలను వేలానికి పెట్టింది. స్వచ్ఛంద సంస్థలు డబ్బు పెట్టి కొన్నాకే అవి నిలిచాయి. మోరిట్జ్‌ప్లాట్జ్‌లో స్థలం శాశ్వతం కాదని తెలిసే మొక్కలన్నీ డబ్బాల్లో, సంచుల్లో పెంచారు, 2019లో ఆ తోట మొదలుపెట్టిన సంస్థ వేరే చోటికి మారింది. రాతపూర్వకంగా అయిదేళ్ళ గడువైనా లేకపోతే 55 ఘనపు మీటర్ల మట్టి దింపకండి. 30 సెంటీమీటర్ల లోతు డబ్బాలు చాలు, ఆకుకూరలకూ మిరపకూ సరిపోతాయి. చెట్లు కుండీల్లోనే ఉంచండి.