చిన్నాన్న చేనులో గాలి ఫ్యాను: అమ్మాలా, కౌలుకివ్వాలా?

ఎర్రనేల:
మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ వైపు పల్లె. 2015లో మా నాన్న కరెంటు తీసే గాలి ఫ్యానుకు (విండ్‌మిల్) మూడెకరాలు అమ్మేశాడు. మధ్యవర్తి చెప్పిందే రేటు, ఒక్క షరతూ రాయించుకోలేదు. ఇప్పుడు ఇంకో కంపెనీ మా చిన్నాన్న చేను అడుగుతోంది. ఆయన అమ్మేద్దామంటున్నాడు. అమ్మొద్దు, 25 ఏళ్ల కౌలుకివ్వు, ఏటా పెంపు రాయించుకో అని నేనంటున్నాను. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

డబ్బు కన్నా నన్ను బాధపెట్టేది రోడ్డు. రెక్కలు మోసే ట్రైలర్లు తిరగడానికి మిగిలిన చేనుకు అడ్డంగా గ్రావెల్ కట్ట వేశారు. కింద ఒక్క పైపు కూడా పెట్టలేదు. గట్టి వాన పడితే కట్టకు పైన నీళ్లు నిలిచి శనక్కాయ చెట్టు పసుపుబారి కుళ్లిపోతుంది. కట్టకు దిగువన పదును చాలక వాడిపోతుంది. రెండూ ఒకే చేనులోనే. అడిగితే 'అది కాంట్రాక్టరు పని' అంటారు. ఆ కాంట్రాక్టరు ఊరొదిలి ఎన్నేళ్లయిందో.

టవర్ మనిషి:
నేను ఫ్యాన్ల మెయింటెనెన్స్‌లో పనిచేస్తాను. తమ్ముడూ, రోడ్డు విషయంలో న్యాయం నీ వైపే ఉంది. కానీ అమ్మడమే తప్పనకు. పెట్టుబడి కూడా తిరిగిరాని కరువు ఏళ్లు మన జిల్లాలో ఎన్ని చూశాం? ఒకేసారి చేతికొచ్చిన డబ్బుతో అప్పు తీర్చి, బోరు వేసి, చీనీ (బత్తాయి) తోట పెట్టినవాళ్లు నాకు తెలుసు. కౌలు అయితే ఏటా కంపెనీ వెంట తిరగాలి. మధ్యలో కంపెనీ చేతులు మారితే ఆ టెన్షన్ వేరే.

ఎర్రనేల:
అన్నా, లెక్క చూడు. 2 మెగావాట్ల ఫ్యాను ఏడాది మొత్తంలో సగటున నాలుగో వంతు సామర్థ్యంతో తిరిగినా సుమారు 44 లక్షల యూనిట్లు. అప్పట్లో రాష్ట్రంలో గాలి కరెంటు కొనే రేటు యూనిట్‌కు 4.84 రూపాయల దాకా ఉండేది. అంటే ఏడాదికి రెండు కోట్ల పైనే. అందులో వందో వంతు చేను ఇచ్చినవాడికి ఇచ్చినా రెండు లక్షలు. మా నాన్నకు ఆ లెక్క చెప్పినవాళ్లే లేరు.

టవర్ మనిషి:
రెండు కోట్లూ లాభం కాదు. మెగావాట్‌కు ఆరేడు కోట్ల ఖర్చు, దాని మీద వడ్డీ. పైగా గాలి వేగం సగానికి పడిపోతే దానిలోని శక్తి ఎనిమిదో వంతే. మాకు ఆషాఢం గాలే పంట. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వచ్చిందే ఏడాదిని మోయాలి. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత కరెంటు కొనుగోలు ఒప్పందాల రేట్లు తగ్గించాలంది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం రేటే ఇవ్వాలని తీర్పిచ్చే దాకా యూనిట్‌కు 2.43 చొప్పునే లెక్క. అలాంటప్పుడు వాటా కోరినవాడికి ఏమొచ్చేది?

గుట్ట కింది పల్లె:
మీ ఇద్దరిదీ పట్టా భూమి సంగతి. గొర్రెల కాపరి ఎవరికి చెప్పుకోవాలి? చెన్నేకొత్తపల్లి వైపు కల్పవల్లి గుట్టలను పల్లెల జనం టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 1990ల నుంచి కాపాడి అడవి చేసుకున్నారు. రికార్డుల్లో మాత్రం అది బంజరు. అక్కడే గుట్టలు తొలిచి రోడ్లు వేసి ఫ్యాన్లు నిలబెట్టారు. గొడవ పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఏ ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కావాలో చెప్పే 2006 కేంద్ర నోటిఫికేషన్ పరిధిలో పవన విద్యుత్తు లేదు కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఊరిని అడగకుండానే ఊరి గుట్ట పోతుంది. నాకు అన్నిటికన్నా పెద్ద అన్యాయం ఇదే.

వానకోసం:
అసలు ఫ్యాన్లు వచ్చాకే మబ్బులు చెదిరిపోతున్నాయి. మా ఊళ్లో ఎవరినడిగినా ఇదే మాట.

ఎర్రనేల:
మా అవ్వ కూడా అదే అంటుంది. కానీ ఫ్యాన్లు లేని రోజుల్లోనూ మనది కరువు జిల్లానే. రెక్క కొన నేల నుంచి 150 మీటర్ల దాకా ఉంటుంది, వాన మబ్బులు దానికి ఎంతో పైన. 2021 నవంబర్‌లో, 2022 అక్టోబర్‌లో ఇవే ఫ్యాన్లు ఉండగా అనంతపురం జిల్లాలో వరదలొచ్చాయి. ఈ మాట పట్టుకుని కూర్చుంటే మన అసలు ఫిర్యాదును కూడా ఎవరూ పట్టించుకోరు.

గుట్ట కింది పల్లె అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఊరి భూమికి గ్రామసభ తీర్మానం తప్పనిసరి చేయాలన్నదే నా కోరిక కూడా.

టవర్ అన్నా, రేటు పడిపోయే భయం నిజమే. అందుకే కౌలులో కొంత స్థిరంగా, కొంత యూనిట్ల మీద అడుగుదామనుకుంటున్నా.

టవర్ మనిషి:
అలా అయితే నేనూ ఒప్పుకుంటా. ఇంకో రెండు రాయించుకో. కంపెనీ ఎవరికి అమ్మినా కౌలు షరతులు కొత్తవాళ్లకీ వర్తించాలి. గడువు తీరాక టవర్ విప్పడమే కాదు, కింద ఉన్న వందల క్యూబిక్ మీటర్ల కాంక్రీటును ఎంత లోతు వరకు తీస్తారో కూడా ఉండాలి. ఇంటికి 500 మీటర్ల దూరం ఉండాలని 2016 కేంద్ర మార్గదర్శకాల్లో రాశారు, ఇప్పుడు ఏముందో కనుక్కుని కొలిపించు.

ఎర్రనేల:
చిన్నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. కౌలుకు ఇంకా మెత్తబడలేదు. కానీ చేలోకి వెళ్లి వాన నీళ్లు పారే మూడు చోట్ల కట్టెలు పాతి వచ్చాడు. అమ్మినా, కౌలుకిచ్చినా, ఆ మూడు చోట్లా పైపులు పడ్డాకే ట్రైలర్ లోపలికి రావాలంటున్నాడు.