స్మార్ట్ టీవీకి మారినా ఛానళ్లు చకచకా తిప్పుకోవాలంటే?

ప్రశ్న:
పాత 32 అంగుళాల ఎల్‌సీడీ తీసేసి 43 అంగుళాల స్మార్ట్ టీవీ పెడుతున్నాం. ఇప్పుడున్నది ఎస్‌డీ డీటీహెచ్ బాక్సు, ఎరుపు, తెలుపు, పసుపు వైర్లది. నాన్నగారికి నంబరు కొట్టగానే ఛానల్ రావాలి, బాణం నొక్కుతూ వార్తల ఛానళ్లన్నీ చుట్టి రావాలి. షాపులో డీటీహెచ్ మానేసి యాప్‌లలో చూడమంటున్నారు. నెట్ 40 ఎంబీపీఎస్. ఏది మేలు? ఒక్క రిమోట్‌తో సరిపోతుందా?

జవాబు 1:
బాక్సు మానకండి. యాప్‌లో ఛానల్ మార్చిన ప్రతిసారీ సర్వర్‌ని కొత్తగా అడిగి, కొంత వీడియో పోగయ్యాకే బొమ్మ మొదలవుతుంది. నెట్ స్పీడు పెంచినా ఆ ఆలస్యం పూర్తిగా పోదు. పైగా ఒక్కో గ్రూపు ఛానళ్లకు ఒక్కో యాప్. పెద్దవాళ్లను ఆ తిప్పలు పెట్టడం న్యాయం కాదు.

ఆపరేటర్‌ని అడిగి హెచ్‌డీ బాక్సుకు మార్పించుకోండి. డిష్ సాధారణంగా అదే పనికొస్తుంది. టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ వేయండి, మూడు రంగుల వైర్లతో 43 అంగుళాల మీద బొమ్మ అలికినట్టుంటుంది.

చాలామంది వదిలేసే సెట్టింగ్ ఒకటుంది. బాక్సు వీడియో అవుట్‌పుట్ ఆటోలో ఉంటే కొన్ని బాక్సులు ఎస్‌డీ ఛానల్‌కి 576 గీతల బొమ్మ, హెచ్‌డీకి 1080 గీతలది పంపుతాయి. మారినప్పుడల్లా టీవీ సిగ్నల్‌ని మళ్లీ పట్టుకోవాలి, అంతసేపూ తెర నల్లబడుతుంది. 1080ఐ దగ్గర స్థిరంగా పెట్టేస్తే ఆ నలుపు పోతుంది.

జవాబు 2:
రిమోట్ సంగతి. టీవీ వెయ్యగానే యాప్‌ల పేజీ వస్తే పెద్దవాళ్లు అక్కడే ఆగిపోతారు. టీవీ సెట్టింగ్స్‌లో పవర్ ఆన్ అయినప్పుడు చివర చూసిన ఇన్‌పుట్ రావాలన్న ఆప్షన్ ఉందేమో కొనేముందే షాపులో తెరిపించి చూడండి. అన్ని మోడళ్లలో ఉండదు.

చాలా డీటీహెచ్ రిమోట్లలో టీవీ పవర్, వాల్యూమ్ నేర్చుకునే బటన్లు ఉంటాయి. రెండు రిమోట్లనూ ఎదురెదురుగా పెట్టి నేర్పించాలి. టీవీ రిమోట్ బ్లూటూత్‌ది అయితే వాల్యూమ్ బటన్లు ఇన్‌ఫ్రారెడ్ కిరణం పంపకపోవచ్చు, అప్పుడు నేర్చుకోదు. టీవీ బ్రాండ్ కోడ్ కొట్టే వీలుంటే అది వాడండి.

బాక్సుని టీవీ వెనక దాచొద్దు, రిమోట్ కిరణం అందదు. గోడ స్విచ్ కూడా ఆపేయొద్దు. మళ్లీ వేస్తే బాక్సు మొదట్నుంచీ బూట్ కావాలి. స్టాండ్‌బై చాలు.

ప్రశ్నించినవారు:
టీవీలోనే శాటిలైట్ ట్యూనర్ ఉందట. డిష్ వైరు నేరుగా టీవీకే పెడితే బాక్సు అక్కర్లేదా?

జవాబు 1:
పే ఛానళ్లకు కుదరదండీ. వాటిని తాళం వేసి పంపుతారు, ఆ తాళంచెవి బాక్సులోనో కార్డులోనో ఉంటుంది. ఆ ట్యూనర్ దూరదర్శన్ వాళ్ల ఉచిత సర్వీసు డీడీ ఫ్రీ డిష్‌లోని తాళం లేని ఛానళ్లకు పనికొస్తుంది. దానికి డిష్ 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 ఉపగ్రహం వైపు తిరగాలి. మీ డిష్ టాటా ప్లేదైతే 83, ఎయిర్‌టెల్‌దైతే 108.2 డిగ్రీల వైపు చూస్తుంటుంది, కాబట్టి ఇంకో డిష్ కావాలి.

జవాబు 3:
బాక్సు బిగించిన రోజే ఫేవరెట్స్ లిస్టు కట్టండి. నాన్నగారు చూసే 15, 20 ఛానళ్లు అందులో వేస్తే చాలా బాక్సుల్లో ఫేవ్ బటన్ నొక్కాక బాణం వాటిలోనే తిరుగుతుంది. ఒకే ఛానల్ ఎస్‌డీ, హెచ్‌డీ రెండూ ఉంటే ఒకటే ఉంచండి, లేదంటే ఒకే బొమ్మ రెండుసార్లు వస్తుంది.