పెర్త్‌లో నంబర్ 7 ఎవరిది: నితీశ్‌కా, రెండో స్పిన్నర్‌కా?

సాగరతీరం (విశాఖపట్నం)

శుక్రవారం, 2024 నవంబర్ 22, పొద్దున 7.50కి పెర్త్‌లో ఆస్ట్రేలియాతో మొదటి టెస్టు మొదటి బంతి పడుతుంది. న్యూజిలాండ్ చేతిలో సొంతగడ్డ మీద 0-3తో ఓడి మూడు వారాలు కూడా కాలేదు. రోహిత్ మొదటి టెస్టుకు లేడు. గిల్ బొటనవేలికి దెబ్బ తగిలింది. షమీ ఇప్పుడే రంజీతో మళ్లీ బౌలింగ్ మొదలుపెట్టాడు కాబట్టి అతనూ జట్టులో లేడు. 1991-92 తర్వాత ఆస్ట్రేలియాలో మనం ఐదు టెస్టుల సిరీస్ ఆడటం ఇదే మొదటిసారి. నాకైతే వారం నుంచి సరిగా నిద్ర లేదు.

నా ప్రశ్న ఒక్కటే. బ్యాటింగ్‌లో ఏడో స్థానంలో ఎవరు ఆడాలి? మా ఊరి కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి నాలుగో పేసర్‌గా రావాలా, లేక జడేజా, అశ్విన్ ఇద్దరినీ దించాలా?

నితీశ్ రావాలి అన్నది నా మాట. హార్దిక్ చివరి టెస్టు ఆడింది 2018లో. అప్పటి నుంచి విదేశాల్లో పేస్ ఆల్‌రౌండర్ కోసం మనం వెతుకుతూనే ఉన్నాం. శార్దూల్ కొన్నాళ్లు ఆ పని చేశాడు, ఇప్పుడతను జట్టులో లేడు. పెర్త్ లాంటి చోట నాలుగో పేసర్ ఉండాలి, అలాగని బ్యాటింగ్ తగ్గకూడదు. ఈ రెండూ కుదరాలంటే ఉన్నది ఒక్క నితీశే.

ఆఫ్‌స్టంప్

బ్రదర్, ప్రేమ వేరు, టెస్ట్ మ్యాచ్ వేరు. ఫస్ట్‌క్లాస్‌లో అతని బ్యాటింగ్ సగటు 21 దగ్గరే ఉంది. మొన్న ఇండియా ఎ (మన రెండో జట్టు) తరఫున మెకాయ్‌లో, మెల్‌బోర్న్‌లో నాలుగు ఇన్నింగ్స్‌లు ఆడితే ఒక్క అర్ధసెంచరీ లేదు. అదే మెల్‌బోర్న్‌లో జురెల్ 80, 68 కొట్టాడు. ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద 34 బంతుల్లో 74 చూసి మనం పొంగిపోయాం. కానీ అది టీ20. స్టార్క్, హేజిల్‌వుడ్, కమిన్స్ లాంటి ఆస్ట్రేలియా పేసర్ల ముందుకు ఆ లెక్కతో పంపిస్తామా?

ఇంకో మాట. 2023 జూన్‌లో ఓవల్‌లో ఏం జరిగిందో గుర్తుందా? ఆస్ట్రేలియాతో డబ్ల్యూటీసీ (ప్రపంచ టెస్ట్ ఛాంపియన్‌షిప్) ఫైనల్లో నలుగురు పేసర్లను ఆడించి, అశ్విన్‌ని బయట కూర్చోబెట్టాం. ఎదురుగా వార్నర్, ఖవాజా, హెడ్, క్యారీ, అందరూ ఎడమచేతి వాటమే. హెడ్ 163 కొట్టాడు, మనం 209 పరుగులతో ఓడాం. వార్నర్ రిటైర్ అయ్యాడు గానీ మిగతా ముగ్గురూ ఇప్పుడూ ఉన్నారు. ఆ తప్పే మళ్లీ చేద్దామా?

సాగరతీరం

అశ్విన్ వద్దని నేను ఎక్కడ అన్నాను? ఒక స్పిన్నర్ ఉండాల్సిందే. ఆ ఒక్కడు అశ్విన్ అయినా నాకు సంతోషమే. రెండో స్పిన్నర్ చోటులో నితీశ్ రావాలంటున్నాను, అంతే.

పెర్త్ నుంచి

అందరికీ నమస్తే. నేను 2018 టెస్టుని ఇక్కడి స్టేడియంలోనే కూర్చుని చూశాను, అందుకే రాస్తున్నాను.

ఆ మ్యాచ్‌లో మనం ఒక్క స్పిన్నర్ కూడా లేకుండా దిగాం. ఇషాంత్, షమీ, బుమ్రా, ఉమేశ్. అడిలైడ్‌లో ఆరు వికెట్లు తీసిన అశ్విన్‌కి గాయం, జడేజా పూర్తి ఫిట్‌గా లేడు. పిచ్ పచ్చగా కనబడింది, పేసర్లు చూసుకుంటారులే అనుకున్నాం. చివరికి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఆస్ట్రేలియా స్పిన్నర్ నాథన్ లయన్. ఎనిమిది వికెట్లు. మన వైపు ఆ పని ఎవరు చేశారో తెలుసా? హనుమ విహారి! పార్ట్‌టైమ్ ఆఫ్‌స్పిన్‌తో మొదటి ఇన్నింగ్స్‌లో రెండు వికెట్లు తీశాడు. బ్యాటింగ్ కోసం తీసుకున్న మనిషికి బౌన్స్ దొరుకుతుంటే, పూర్తిస్థాయి స్పిన్నర్‌కి ఎంత దొరికేదో అని ఆ రోజంతా బాధపడ్డాను.

ఇక్కడ స్పిన్నర్‌కి కావలసింది తిరగడం కాదు, బౌన్స్. బంతి లేచి గ్లవ్‌కో, బ్యాట్ పైఅంచుకో తగులుతుంది. లయన్‌కి 500వ టెస్ట్ వికెట్ దొరికింది కూడా ఈ గ్రౌండ్‌లోనే, నిరుడు పాకిస్తాన్ మీద.

ఇంకొక విషయం చెప్పాలి. నిన్న ఇక్కడ వాన పడింది, పిచ్ కవర్ల కింద ఉంది. ఎండ బాగా కాస్తేనే ఇక్కడ పగుళ్లు విచ్చుకుంటాయి. ఈసారి అవి ఆలస్యం కావచ్చు.

ఉప్పల్ గ్యాలరీ (హైదరాబాద్)

అన్నా, ఒక మాట అడుగుతా. అందరూ నితీశ్ బ్యాటింగ్ లెక్కలు, అశ్విన్ వికెట్లు చూస్తున్నారు. బుమ్రా నడుము గురించి ఎవరైనా ఆలోచించారా? సిరాజ్ గురించి?

ముగ్గురు పేసర్లతో దిగితే మూడోవాడు ఆకాశ్‌దీప్ గానీ హర్షిత్ గానీ. హర్షిత్ అయితే ఒక్క టెస్టు కూడా ఆడలేదు. అతని ఒక స్పెల్లో పరుగులు బాగా పోతే బంతి మళ్లీ ఎవరి చేతికి వెళుతుంది? బుమ్రా, సిరాజ్. బుమ్రా పైగా ఈ మ్యాచ్‌కి కెప్టెన్. 2023లో వెన్నుకి ఆపరేషన్ చేయించుకున్న మనిషి. డిసెంబర్ 6న అడిలైడ్, 14న బ్రిస్బేన్, 26న మెల్‌బోర్న్, జనవరి 3న సిడ్నీ. మొదటి టెస్టులోనే అతని చేత ఎక్కువ ఓవర్లు వేయిస్తే సిడ్నీకి ఏం మిగులుతుంది?

సిరాజ్‌ని చూస్తే నాకు 2020 గుర్తొస్తుంది. నాన్న పోయినా ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయాడు. మెల్‌బోర్న్‌లో అరంగేట్రం చేసి, గాబాలో (బ్రిస్బేన్ గ్రౌండ్) సీనియర్ బౌలర్లు ఒక్కరూ లేనప్పుడు ఐదు వికెట్లు తీశాడు. అలాంటి పిల్లవాడిని ఇంకా ఎంత పిండుతాం? రోజుకి పది, పన్నెండు ఓవర్లు ఎవరో ఒకరు తీసుకోవాలి. నితీశ్ వికెట్లు తీయకపోయినా పర్వాలేదు, ఆ ఓవర్లు వేస్తే చాలు.

స్కోర్‌బుక్

జిల్లా లీగుల్లో చాలా ఏళ్లు స్కోరర్‌గా కూర్చున్నాను, అందుకే ఓవర్ల లెక్క తప్ప నాకు వేరే ఏదీ తోచదు. ఉప్పల్ తమ్ముడు అన్నది సరైన మాట. కానీ సమాధానం నితీశే అని ఎలా తేల్చారు?

ఆస్ట్రేలియాలో వాడే కూకాబురా బంతి 35, 40 ఓవర్లు దాటాక మెత్తబడుతుంది. అక్కడి నుంచి 80 ఓవర్లు అయి కొత్త బంతి వచ్చేదాకా టెస్టులో కష్టకాలం. ఆ సమయంలో గంటకు సుమారు 130 కిలోమీటర్ల వేగంతో వేసే బౌలర్‌ని హెడ్ ముందు, మార్ష్ ముందు పెడితే ఓవర్‌కి ఐదు పరుగులు పోతాయి. అప్పుడు కెప్టెన్ ఏం చేస్తాడు? బుమ్రానే పిలుస్తాడు. అంటే బుమ్రాకి విశ్రాంతి ఇవ్వడానికి తెచ్చిన మనిషి వల్ల బుమ్రా పని ఇంకా పెరుగుతుంది. అదే జడేజా అయితే ఒక చివర పట్టుకుని గంటన్నర కట్టిపడేస్తాడు. మొన్న ముంబైలో పది వికెట్లు తీసిన చెయ్యి అది. ఏడో స్థానంలో బ్యాటింగ్‌కీ అతనికంటే నమ్మకస్తుడు మనకు లేడు.

ఓవర్లు మోసేవాడు కావాలి అంటే, ఎక్కువ ఓవర్లు తక్కువ పరుగులకు మోసేవాడిని తీసుకోవాలి కదా!

ఉప్పల్ గ్యాలరీ

మీరు చెప్పిన 40 నుంచి 80 ఓవర్ల లెక్క నేను ఆలోచించలేదు. నిజమే. కానీ అక్కా, నితీశ్ రంజీలో వేసింది అలాంటి ఓవర్లే కదా? నిరుడు ఆంధ్ర తరఫున ఏడు మ్యాచ్‌ల్లో 25 వికెట్లు తీశాడు. వేగం లేకపోయినా వికెట్ టు వికెట్ వేస్తాడు. పెర్త్‌లో బంతి పగులు మీద పడితే 130 కూడా చాలా ఎక్కువే.

ఆఫ్‌స్టంప్

నాది వేరే భయం, ఇప్పటిదాకా చెప్పలేదు. నేను కూడా ఆంధ్రా మనిషినే. మన వికెట్‌కీపర్ కె.ఎస్. భరత్ విషయంలో ఏం జరిగిందో అందరం చూశాం. నాగ్‌పూర్‌లో మొదటి టెస్టుకి టోపీ అందుకున్న రోజు మా ఇంట్లో పండగ. ఏడు టెస్టులు, సగటు 20. చివరి టెస్టు సొంత ఊరు విశాఖలోనే. తర్వాతి మ్యాచ్‌కి జురెల్ వచ్చాడు, అంతే. విహారి సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి, 23 పరుగులతో నిలబడి అశ్విన్‌తో కలిసి మ్యాచ్ కాపాడాడు. ఆ తర్వాత ఎన్ని అవకాశాలు వచ్చాయి?

నితీశ్‌కి 21 ఏళ్లు. ఆ అబ్బాయి కోసం వాళ్ల నాన్న హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదులుకున్నారు. ఇంత చేసి వచ్చినవాడిని మొన్న న్యూజిలాండ్ మీద 46కి ఆలౌటయిన బ్యాటింగ్ మధ్యలో, కోహ్లీ ఆరు ఇన్నింగ్స్‌ల్లో 93 పరుగులే చేసిన సమయంలో, ప్రపంచంలోనే కష్టమైన పిచ్ మీద తోస్తున్నాం. రెండు మ్యాచ్‌లు పోతే నిందంతా అతని మీద వేస్తారు. ఇంకొక రంజీ సీజన్ ఆడనిస్తే మంచిది కదా? నేను వద్దంటున్నది అతను బాగుండాలనే.

పాత రేడియో

నా వయసు అరవై దాటింది. 1992 ఫిబ్రవరిలో పెర్త్‌లోనే, వాకా గ్రౌండ్‌లో, పద్దెనిమిదేళ్ల సచిన్ 114 కొట్టాడు. ఆ సిరీస్ 0-4తో పోయింది. సిరీస్ సంగతి చాలామందికి గుర్తులేదు, ఆ ఇన్నింగ్స్ అందరికీ గుర్తుంది. ప్రతి కుర్రాడూ సచిన్ కాడు, ఒప్పుకుంటాను. కానీ కష్టమైన చోట దింపితే పాడైపోతాడన్న మాట నేను నమ్మను బాబూ. నితీశ్ పదహారేళ్ల లోపు టోర్నీలో నాగాలాండ్ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 441 చేసినవాడు. అంతసేపు నిలబడే ఓపిక చిన్నప్పుడే ఉంది.

సాగరతీరం

ఆఫ్‌స్టంప్ గారూ, మీ మాటకు వెంటనే జవాబు రాయలేకపోయాను. భరత్ పేరు చూడగానే మనసు బరువెక్కింది. విశాఖలో ఆ మ్యాచ్‌కి నేను వెళ్లాను. అతను బ్యాటింగ్‌కి వస్తుంటే స్టాండ్ మొత్తం లేచి నిలబడింది.

అయినా నేను మీతో ఏకీభవించలేను. గాబా గుర్తు చేసుకోండి. 2021 జనవరి, 186కి 6 వికెట్లు. అప్పుడు వాషింగ్టన్ సుందర్, శార్దూల్ 123 పరుగులు కలిపారు. సుందర్‌కి అది మొదటి టెస్టు. గాయాల వల్ల తప్పనిసరై ఆడించారు గానీ, మామూలుగా అయితే ఆ రోజు ఎవరూ ఆడించేవారు కాదు. లెక్కలు చూసి ఎంపిక చేసి ఉంటే గాబా మనది అయ్యేది కాదు.

స్కోర్‌బుక్ గారు చెప్పిన పాత బంతి సమస్య మాత్రం నా దగ్గర తేలలేదు. దానికి నాకు తోచిన జవాబు ఒకటే: నితీశ్‌ని ఆ 40-80 మధ్య కాకుండా, 20వ ఓవర్ నుంచి 35వ ఓవర్ దాకా వాడాలి. బంతిలో ఇంకా జీవం ఉన్నప్పుడు, బుమ్రా, సిరాజ్ మొదటి స్పెల్ అయిపోయాక. మెత్తబడ్డాక స్పిన్నర్ ఒక చివర, వాళ్లిద్దరిలో ఒకరు చిన్న స్పెల్‌తో మరో చివర. అప్పుడు అతనిది రోజుకి ఎనిమిది ఓవర్లు. ఆ ఎనిమిదీ బుమ్రావి కానివి.

స్కోర్‌బుక్

ఎనిమిది ఓవర్లకైతే ఒప్పుకుంటాను. పన్నెండుకి ఒప్పుకోను. కానీ అప్పుడు మీ ఒకే ఒక్క స్పిన్నర్ రోజుకి పాతిక ఓవర్లు వేయాలి. 38 ఏళ్ల అశ్విన్ చేత వేయిస్తారా? న్యూజిలాండ్ మీద మూడు టెస్టుల్లో తొమ్మిదే వికెట్లు.

పెర్త్ నుంచి

సుందర్ ఉన్నాడు కదా. పుణెలో 11 వికెట్లు తీశాడు, ఎత్తు మనిషి, బౌన్స్ దొరికే చోట ఎత్తు పనికొస్తుంది. ఎనిమిదో స్థానంలో బ్యాట్ కూడా పట్టుకుంటాడు. ఏడులో నితీశ్, ఎనిమిదిలో సుందర్ అంటే గాబా నాటి బలమే. 2018లో ఇక్కడ మన చివరి నలుగురూ పేసర్లే, మన రెండో ఇన్నింగ్స్ 140కే ముగిసింది.

ఆఫ్‌స్టంప్

అశ్విన్, జడేజా ఇద్దరినీ పక్కన పెట్టి? ఇద్దరికీ కలిపి 800కి పైగా టెస్ట్ వికెట్లున్నాయి. అంత ధైర్యం చేస్తారని నేను అనుకోను. చేస్తే మాత్రం ఇంకేం మాట్లాడను, టీవీ ముందు కూర్చుంటాను. నా ఓటు ఇప్పటికీ జడేజాకే.

ఉప్పల్ గ్యాలరీ

నా ఓటు నితీశ్, సుందర్. మూడో పేసర్ ఆకాశ్‌దీప్.

పాత రేడియో

సాగరతీరం బాబూ, టోపీ ఇచ్చేది టాస్‌కి ముందు. 7.50కి లేస్తే అది చూడలేవు. ఏడింటికే టీవీ పెట్టు.

సాగరతీరం

ఆరున్నరకే పెడతాను సార్. అమ్మ కూడా లేపమని చెప్పింది.

పెర్త్ నుంచి

వాన తగ్గింది. నా టికెట్టు మొదటి రెండు రోజులకి ఉంది. టాస్‌కి ముందు గుంపుగా నిలబడ్డప్పుడు ఎవరి చేతికి టోపీ వచ్చిందో కనబడగానే ఇక్కడ రాస్తాను.