అప్‌డేట్: ఎట్‌సీకీపర్ రోజువారీ కమిట్ల గోల తీరింది

లినక్స్‌లో సెట్టింగ్స్ ఉండే /etc ఫోల్డర్ మార్పుల్ని గిట్ రిపోలో దాచే టూల్ ఎట్‌సీకీపర్. గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) రాసినా కప్స్ (ప్రింటింగ్ సిస్టమ్) ఫోల్డర్‌లోని సబ్‌స్క్రిప్షన్స్ ఫైల్ రోజూ కమిట్ అవుతోందని (మార్పుగా నమోదవుతోందని) ఇక్కడే అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది "క్యాష్‌డ్" ఆప్షన్‌తో గిట్ ఆర్ఎం కమాండ్ (git rm --cached) కొట్టమన్న సలహా. అప్పటికే ట్రాక్ అవుతున్న ఫైల్‌కి గిట్‌ఇగ్నోర్ వర్తించదు. ఈ కమాండ్ ఫైల్‌ని డిస్క్ మీద అలాగే ఉంచి, ట్రాకింగ్ నుంచి మాత్రమే తీసేస్తుంది. తర్వాత ఒక కమిట్, అంతే. గిట్‌ఇగ్నోర్‌లో మన లైన్‌ని ఎట్‌సీకీపర్ సొంతంగా నడిపే సెక్షన్ బయట రాయాలి, లోపల రాస్తే చెరిగిపోవచ్చు.

క్రాన్‌కీ (టైమ్ ప్రకారం పనులు నడిపేది), ఫైల్ పర్మిషన్లకీ ఈ సమస్యతో సంబంధమే లేదు. రోజువారీ ఆటోకమిట్ ఆపేయమన్న సలహా నేను పాటించలేదు. చేత్తో మార్చి మర్చిపోయినవి పట్టిచ్చేది అదే కదా!

ఒక్క మాట: ఈ రిపోలో షాడో ఫైల్ (యూజర్ల పాస్‌వర్డ్ హ్యాష్‌లు ఉండేది) కూడా ఉంటుంది. దయచేసి పబ్లిక్‌గా పుష్ చేయకండి.