బ్రస్సెల్స్‌కు కొత్తగా వస్తున్నాను: ఐరోపా విదేశాంగ విధానంపై సందేహం

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో అంతర్జాతీయ సంబంధాల కోర్సులో చేరుతున్నాను. ఐరోపా సమాఖ్యకు ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం ఉందని పుస్తకాల్లో చదివాను. వార్తల్లో చూస్తే 27 దేశాలూ తలో మాట మాట్లాడుతున్నాయి. ఏది నమ్మాలి?

బ్రస్సెల్స్ నుంచి జవాబు:

తమ్ముడూ, రెండూ నిజమే. 1993లో సమాఖ్యను ఏర్పరచిన మాస్ట్రిక్ట్ ఒప్పందం అమల్లోకి వచ్చాక ఉమ్మడి విధానం పుట్టింది కానీ, సైన్యాలూ రాయబార కార్యాలయాలూ ఎవరివి వారి దగ్గరే ఉన్నాయి. ముఖ్యమైన నిర్ణయాలకు అందరూ ఒప్పుకోవాలి. కొత్త దేశాలను చేర్చుకోవడానికీ అదే నియమం. 2023 డిసెంబరులో ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలకు హంగరీ ప్రధానిగా విక్టర్ ఓర్బాన్ ససేమిరా అన్నారు. చివరికి నిర్ణయం తీసుకునే వేళకు ఆయన గదిలోంచి బయటికి వెళ్లారు, మిగిలిన 26 మంది సరేనన్నారు. ఇక్కడ పని ఎలా జరుగుతుందో ఆ ఒక్క సాయంత్రం చెబుతుంది.

నీకు రోజూ పనికొచ్చేది ఒకటి చెబుతాను. ఏ ప్రకటన వచ్చినా ముందు శీర్షిక చదువు. ఉన్నత ప్రతినిధి (అంటే సమాఖ్య విదేశాంగ వ్యవహారాలు చూసేవారు) ‘సమాఖ్య తరఫున’ చేసిన ప్రకటన అని ఉంటే 27 దేశాలూ ఆ మాటలకు ఒప్పుకున్నట్టు. ఆ రెండు మాటలు లేకపోతే అది ఆ పదవిలో ఉన్నవారు తమ పేరుతో అన్నది మాత్రమే. ఈ తేడా తెలియక నేను ఒక సెమిస్టరంతా తప్పుగా రాశాను.

విభేదాలే చూసి నిరుత్సాహపడకు. సెర్బియా నుంచి విడిపోయిన కొసావోను స్పెయిన్, గ్రీస్, సైప్రస్, రొమేనియా, స్లొవేకియా దేశంగా గుర్తించలేదు. అయినా అక్కడి పోలీసు, న్యాయ వ్యవస్థలకు తోడ్పడేందుకు 2008లో సమాఖ్య బృందాన్ని పంపుతుంటే ఆ ఐదూ అడ్డుపడలేదు. నాకు ఈ ప్రయత్నం మీద గౌరవం కలిగింది అక్కడే.

వచ్చిన వారంలోనే షూమన్ కూడలికి వెళ్లు. దేశాధినేతలు సమావేశమయ్యే యూరోపా భవనం ముఖభాగమంతా సభ్య దేశాల నుంచి తెచ్చిన పాత ఓక్ కిటికీల చట్రాలే. ఒక్కోటి ఒక్కో కొలత. దగ్గరగా నిలబడి చూడు.

డబ్లిన్ నుంచి:

అన్నయ్య చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఐర్లండ్‌కు వస్తే తటస్థత గురించి తేలిగ్గా మాట్లాడకు. ఇది నాటోలో చేరని దేశం. 2008లో ఇక్కడి ప్రజలు సమాఖ్య నియమాలను సవరించే లిస్బన్ ఒప్పందాన్ని ఓటుతో తిప్పికొట్టారు. తటస్థతకు భంగం రాదని హామీలు తీసుకున్నాకే 2009లో ఒప్పుకున్నారు. ఉక్రెయిన్‌కు సమాఖ్య నిధి నుంచి ఆయుధాలు అందినా, అందులో ఐర్లండ్ వాటా ఆయుధాలకు కాదు, ఇతర సామగ్రికే. మా పక్కింటి పెద్దాయన ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో లెబనాన్ వెళ్లివచ్చారు. ఆ నీలి టోపీ ఇప్పటికీ ముందుగదిలో అద్దాల బీరువాలో ఉంటుంది. అలాంటివారు ఎదురైతే ముందు వాళ్లను చెప్పనివ్వు, నీ ప్రశ్న తరువాత అడుగు.